శాలువాల వారం కాదు, లెక్కల వారం కావాలి

ఏటా అక్టోబరు 17న అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగియగానే జామె మస్జిద్‌లో ఖుర్ఆన్ పారాయణం జరుగుతుంది. ఆ మస్జిద్ ప్రాంగణంలోనే శాశ్వత నిద్రలో ఉన్న సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సమాధి వద్ద ఫాతిహా చదువుతారు. ఆ తరువాత గులిస్తానె సయ్యద్‌లో పెద్ద సభ. ఒక ముఖ్య అతిథి, కొన్ని ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీల విజేతలకు బహుమతులు, చివరన అందరూ కలిసి పాడే విశ్వవిద్యాలయ గీతం. రాత్రికి ప్రతి వసతి గృహంలో విందు. ఆ తేదీకి అటూ ఇటూ వారం రోజులపాటు చర్చాగోష్ఠులు, గ్రంథాలయంలో ప్రదర్శనలు, ముషాయిరాలు సాగుతాయి. అలీగఢ్‌లో చదివి వెళ్ళినవారు హైదరాబాదులోనూ, గల్ఫ్ దేశాలలోనూ, అమెరికాలోనూ ఇదే వారంలో తమ తమ సభలు జరుపుకుంటారు. ఇప్పుడు మన తెలుగు జిల్లాల అంజుమన్లు, విద్యా సంఘాలు కూడా ఆ ఒరవడిని అందుకున్నాయి.

మహనీయుణ్ణి స్మరించడాన్ని మేము తప్పుపట్టడం లేదు. సమాధి వద్ద ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు అన్న విషయంలో ఉలమాల మధ్య ఉన్న భేదాభిప్రాయాల జోలికీ పోవడం లేదు. మా అభ్యంతరం ఒక్కటే. స్మరణ పనికి ముందుమాటగా ఉండవలసింది పోయి, పనికి బదులుగా తయారయింది. వారం రోజులు సర్ సయ్యద్‌ను పొగిడి, మిగిలిన యాభై ఒక్క వారాలు ఆయన చేసిన పనికి దూరంగా ఉండటం మన అలవాటయింది. అలవాటు అన్నది చిన్న మాట. ఇది ఖౌమ్ తనను తాను మోసగించుకోవడం.

ఆయన చేసిన పని ఏమిటి?

మన వేదికల మీద సర్ సయ్యద్‌ను ఒక దార్శనికుడిగా, మేధావిగా, సంస్కర్తగా వర్ణిస్తారు. అన్నీ నిజమే. కానీ ఆయన జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ కాలాన్ని తిన్న పని చందాలు పోగుచేయడం, రసీదులు రాయించడం, కట్టడానికి ఇటుక లెక్క చూడటం. ఈ మాట ఉపన్యాసాలలో వినిపించదు.

1817 అక్టోబరు 17న ఢిల్లీలో పుట్టిన ఆయన 1838లో కంపెనీ న్యాయస్థానంలో సరిష్తాదారుగా, అంటే మా వంటి గుమాస్తాగానే, ఉద్యోగంలో చేరారు. మున్సిఫ్ అయ్యారు, ఆపైన జడ్జి పదవుల్లో పనిచేశారు. 1864లో గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ స్థాపించారు. 1869లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయాల తీరు చూసి, 1870లో తిరిగివచ్చి 'తహ్జీబుల్ అఖ్లాఖ్' పత్రిక ప్రారంభించారు. 1875 మే 24న అలీగఢ్‌లో పాఠశాల తెరిచారు. 1876లో ఉద్యోగ విరమణ చేసి, అలీగఢ్‌లోనే స్థిరపడ్డారు. 1877 జనవరి 8న వైస్రాయ్ లిట్టన్ మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలకు శంకుస్థాపన చేశాడు. అంటే మనం ఈనాడు గర్వించే సంస్థ చాలా భాగం ఒక విశ్రాంత ఉద్యోగి తన చివరి ఇరవై రెండేళ్ళలో కట్టినది. 1898 మార్చి 27న కన్నుమూసేవరకూ ఆయనకు విశ్రాంతి లేదు. పింఛను తీసుకొని, ఉదయం వార్తాపత్రికా, సాయంత్రం పార్కులో కబుర్లూ అనే దినచర్యలో మునిగిన మావంటి వారందరూ ఈ ఒక్క సంగతిని తలచుకొని సిగ్గుపడవలసి ఉంది.

డబ్బు కోసం ఆయన ఎక్కని మెట్టు లేదు. నవాబుల గడప తొక్కారు, రాజుల దర్బారుకు వెళ్ళారు. లాటరీ నడిపారు. అలీగఢ్ నుమాయిష్‌లో పుస్తకాల దుకాణం పెట్టి కూర్చున్నారు. తెల్లని గడ్డంతో వేదికెక్కి ప్రదర్శన ఇచ్చారు. అంత పెద్దమనిషి ఇలా దిగజారవచ్చునా అని పలువురు ఆడిపోసుకున్నారు. కాఫిర్ అని ఫత్వాలు సరేసరి. ఆయన మాత్రం దాతల పేర్లను రాళ్ళపై చెక్కించి గోడల్లో పొదిగించారు. ఆ రాళ్ళు నేటికీ ఉన్నాయి. వాటిలో ముస్లింల పేర్లున్నాయి, హిందూ ప్రభువుల, మిత్రుల పేర్లున్నాయి. కళాశాల తొలి పట్టభద్రుడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందూ విద్యార్థి అన్న సంగతిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తనవారి కోసం కట్టిన ఇంట పొరుగువాడికీ పీట వేయడం మన సంప్రదాయమే తప్ప కొత్తగా నేర్వవలసినది కాదు.

విద్యార్థులు సైతం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పేద సహాధ్యాయుల ఫీజుల కోసం 'అంజుమనుల్ ఫర్జ్' అనే సంఘం పెట్టుకున్నారు. ఫర్జ్ అంటే విధి. సెలవుల్లో ఊళ్ళు తిరిగి చందాలు పోగుచేసి తెచ్చేవారు. పిల్లలు పిల్లలకోసం జోలె పట్టిన ఆ చరిత్రను మన వ్యాసరచన పోటీలలో ఎవరైనా అంశంగా ఇచ్చారా?

డిసెంబరు వారం

ఆ శతాబ్దంలో అలీగఢ్‌కు మరొక వారం ఉండేది. 1886 డిసెంబరు 27న సర్ సయ్యద్ ముస్లిం విద్యా మహాసభను ప్రారంభించారు. ఆపైన ఏటా డిసెంబరు చివరి రోజుల్లో, క్రిస్మస్ సెలవుల్లో, ఈ సభ ఏదో ఒక నగరంలో కూడేది. వకీళ్ళు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, జమీందారులు సెలవు దొరికే రోజులు చూసుకొని రైలెక్కి వచ్చేవారు. అక్కడా ఉపన్యాసాలున్నాయి, నమాజులున్నాయి, విందులున్నాయి, కవిత్వం ఉంది. కానీ వచ్చినవారు తమ తమ ప్రాంతాలలో ముస్లిం బాలలు ఎందరు చదువుతున్నారు, ఎందరు చదవడం లేదు, ఎందుకు చదవడం లేదు అన్న వివరం వెంట తేవాలన్నది ఆ సభ పెట్టుకున్న పనులలో ఒకటి. తీర్మానం చేయడం, నిధి పోగుచేయడం, మరుసటి ఏడు జవాబు చెప్పడం వారి పద్ధతి.

ఆ సభ 1901లో మద్రాసుకు వచ్చింది. అప్పటికి కర్నూలు, కడప, గుంటూరు, కృష్ణా, గోదావరి, విశాఖ అన్నీ మద్రాసు రాజధానిలో భాగాలే. కనుక ఈ చరిత్ర ఎక్కడో ఉత్తరాదిది, మనకు సంబంధించినది కాదు అనేవారు పొరబడుతున్నారు. ఇక నిజాం రాష్ట్రం సంగతి సరే. సాలార్ జంగ్ కాలం నుంచీ హైదరాబాదు ప్రభుత్వ సహాయం అలీగఢ్‌కు అందింది. సర్ సయ్యద్ అనంతరం కళాశాల భారం మోసిన మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇద్దరూ హైదరాబాదు సర్కారు కొలువులో ఏళ్ళ తరబడి పనిచేసినవారే. తరువాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ అయ్యారు. ఆ సర్కారు ఖజానా ఎవరిది? తెలంగాణ రైతు శిస్తు. దున్నినవాడు తెలుగువాడు. అలీగఢ్ గోడలో మన చెమట కూడా ఉంది. అడిగే హక్కు మనకుంది, జవాబు చెప్పే బాధ్యతా మనకుంది.

డిసెంబరు వారాన్ని మరచి అక్టోబరు వారాన్ని మాత్రమే పట్టుకున్నాం. మొదటిది లెక్క చెప్పే వారం. రెండవది మనం చేసుకుంటున్న తీరులో శాలువా కప్పే వారం. హాలు అద్దె, పూలదండలు, జ్ఞాపికలు, వేదిక మీద ఇరవై కుర్చీలు, ఇరవై కుర్చీలకూ ఇరవై ప్రసంగాలు, ఆఖరున బిర్యానీ. మైకు ముందు కూర్చున్న పిల్లలకు ఆకలివేసి లేచిపోయేవరకూ 'ఇల్మ్ ప్రాధాన్యం' మీద ఉపన్యాసం. ఇదంతా అయిన తరువాత ఒక్క పిల్లవాడి ఫీజు కట్టారా అంటే జవాబు లేదు.

ఈ లెక్కలు ఇప్పుడు న్యాయస్థానంలో సాక్ష్యం

లెక్కలూ రసీదులూ అంటున్నది గుమాస్తా బుద్ధి అని ఎవరైనా నవ్వవచ్చు. వారికి సుప్రీంకోర్టు తీర్పును చూపిస్తాం.

1920లో అలీగఢ్ విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయం కావాలంటే ముప్పై లక్షల రూపాయలు చూపించమని నాటి ప్రభుత్వం షరతు పెట్టింది. ఆగాఖాన్ ముందుండి నడిపించగా, దేశం నలుమూలల ముస్లింలు ఆ మొత్తాన్ని సమకూర్చారు. సంపన్నుల వేలూ ఉన్నాయి, పేదల అణాలూ ఉన్నాయి. తొలి ఛాన్సలర్ భోపాల్ బేగం సుల్తాన్ జహాన్. అయినా 1967లో అజీజ్ బాషా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక విచిత్రమైన మాట అన్నది. విశ్వవిద్యాలయం చట్టం ద్వారా పుట్టింది కనుక దానిని స్థాపించినది ముస్లింలు కారు, కనుక రాజ్యాంగంలోని 30వ అధికరణ రక్షణ దానికి వర్తించదు అని. ముప్పై లక్షలు ఇచ్చినవారు, నలభై ఐదేళ్ళు కళాశాలను మోసినవారు, పేర్లు రాళ్ళపై చెక్కించుకున్నవారు అందరూ ఒక్క వాక్యంతో లేనివారైపోయారు.

1981లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఇది భారతదేశ ముస్లింలు స్థాపించిన సంస్థ అని రాసింది. 2005లో, ఆపైన 2006లో అలహాబాదు హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2016లో కేంద్ర ప్రభుత్వం తన అప్పీలును తానే వెనక్కి తీసుకుంది. 2019లో ప్రశ్న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్ళింది. 2024 నవంబరు 8న నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు నిలిచి, అజీజ్ బాషా తీర్పులోని ఆ మూలసూత్రం చెల్లదని తేలింది. చట్టం ద్వారా ఏర్పడినంత మాత్రాన సంస్థ మైనారిటీ స్వభావం పోదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు చెప్పారు. అయితే అలీగఢ్ మైనారిటీ సంస్థ అవునా కాదా అన్నది నేరుగా తేల్చలేదు. దానిని మరో ధర్మాసనానికి వదిలారు. ఏమి చూసి తేల్చాలో మాత్రం చెప్పారు. సంస్థ ఆలోచన ఎవరిది? ప్రధానంగా ఎవరి ప్రయోజనం కోసం పుట్టింది? స్థలం ఎవరిచ్చారు, నిధులు ఎవరు పోగుచేశారు, కట్టించినది ఎవరు, ఆచరణలో పెట్టినది ఎవరు?

సోదరులారా, ఈ ప్రశ్నలకు జవాబు ఉపన్యాసంలో దొరకదు. చందా జాబితాలో దొరుకుతుంది. రసీదు పుస్తకంలో, సభల నివేదికలో, గోడలోని రాతిలో దొరుకుతుంది. నూట యాభై ఏళ్ళ క్రితం ఒక విశ్రాంత ఉద్యోగి పేరు పేరునా రాయించిన పద్దులు ఈనాడు ఒక ఖౌమ్ రాజ్యాంగ హక్కుకు ఆధారాలయ్యాయి. ఆయన వాటిని రాయించకుండా వేదికమీద మాట్లాడి ఊరుకుని ఉంటే మన న్యాయవాదులు ఏ కాగితం పట్టుకొని నిలబడేవారు?

దీనికి ఒక ఎదురు వాదం వినిపిస్తారు. ప్రభుత్వ ధనంతో నడిచే సంస్థ మైనారిటీ సంస్థ ఎలా అవుతుంది అని. 30వ అధికరణలోని రెండవ భాగం చదవని వారి మాట అది. మైనారిటీ యాజమాన్యంలో ఉన్నదన్న కారణంతో సహాయం ఇవ్వడంలో రాజ్యం వివక్ష చూపరాదని అక్కడ స్పష్టంగా ఉంది. సహాయం తీసుకుంటే హక్కు పోతుందన్న మాటకు ఆ వాక్యంలో తావే లేదు. రాజ్యాంగమే అలీగఢ్‌ను జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా పేర్కొన్నది కదా అని మరొకరంటారు. జాతీయం అయినది మైనారిటీది కారాదు అంటే, మైనారిటీ జాతిలో భాగం కాదని చెప్పినట్టే. ఆ మాటను మేము అంగీకరించం.

చూడవలసిన మరికొన్ని అంకెలు

సచార్ కమిటీ 2006లో తన నివేదిక ఇచ్చింది. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులలో ఇరవై ఐదుగురికి ఒకరు, పి.జి. విద్యార్థులలో యాభై మందికి ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానివేసినవారో అని చెప్పింది. ఆ తరువాత పరిస్థితి ఎంత మారింది? 2011 జనాభా లెక్కల ప్రకారం మనం 14.2 శాతం. కేంద్ర ప్రభుత్వమే వెలువరించిన ఉన్నత విద్యా సర్వేలో, 2020-21లో ఉన్నత విద్యలో మన వాటా సుమారు 4.6 శాతం. అంతకు ముందు సంవత్సరంతో పోలిస్తే మన విద్యార్థుల సంఖ్య దాదాపు లక్షా ఎనభై వేలు తగ్గింది. మిగతా వర్గాల సంఖ్య పెరిగిన ఏడాది మనది తగ్గింది. కోవిడ్ కాలంలో ఇంట్లో ఫోను లేక, తండ్రికి పని లేక, మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండికో, కుట్టుమిషనుకో వెళ్ళిపోయిన పిల్లలు మళ్ళీ బడి ముఖం చూడలేదు.

ప్రభుత్వం ఏమి చేసింది? 2022లో ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఎత్తివేసి తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసింది. అదే సంవత్సరం పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును నిలిపివేసింది. కింది మెట్టునూ తీసివేశారు, పై మెట్టునూ తీసివేశారు. మధ్యలో ఎక్కేవాడు ఎక్కడ కాలు పెట్టాలి? ఈ అన్యాయాన్ని నిలదీయవలసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన నాలుగు శాతం బి.సి.-ఇ రిజర్వేషను ఎందరు పిల్లలను ఇంజనీరింగు, వైద్య కళాశాలల్లోకి చేర్చిందో ఆ ఇళ్ళవారికి తెలుసు. దానిపై దాడి జరిగిన ప్రతిసారీ నిలబడవలసిందే. కానీ నిలదీసేవాడి చేతిలో లెక్క ఉండాలి. మీ మస్జిద్ పరిధిలో ఎందరు పిల్లలకు స్కాలర్‌షిప్పు ఆగింది అని అధికారి అడిగితే మన నాయకులు ఆకాశం వైపు చూస్తారు. గుమాస్తాలుగా మేజాకు అవతలి వైపు ముప్పై ఏళ్ళు కూర్చున్నాం. ఆగ్రహంతో వచ్చినవారిని అధికారులు టీ ఇచ్చి పంపుతారు. జాబితాతో వచ్చినవారిని చూసి భయపడతారు.

సర్ సయ్యద్‌ను సరిదిద్దడం కూడా స్మరణే

ఒక అభ్యంతరాన్ని మేము గౌరవిస్తున్నాం. సర్ సయ్యద్ ముందుగా ఆలోచించింది షరీఫ్ కుటుంబాల గురించే, మన దూదేకుల, నేత, కసాయి, మెహతర్ వర్గాల బిడ్డల గురించి కాదు అని మన యువకులు అడుగుతున్నారు. నిజమే. ఆడపిల్లల చదువు విషయంలోనూ ఆయన వెనుకాడారు. దాచి లాభం లేదు. అయితే ఆయన వెంట నడిచినవారు ఆయన ఆగినచోట ఆగిపోలేదు. 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం అలీగఢ్‌లోనే బాలికల పాఠశాల తెరిచారు. అది నేడు మహిళా కళాశాల. 2024లో నయీమా ఖాతూన్ ఆ విశ్వవిద్యాలయ ప్రథమ మహిళా వైస్ ఛాన్సలర్ అయ్యారు. పూర్వికుణ్ణి గౌరవించడమంటే ఆయన విడిచిన ఖాళీని పూరించడం. అక్టోబరు వేదికపై దూదేకుల ఇంటి నుంచి వచ్చిన తొలి పట్టభద్రురాలికి కుర్చీ ఉందా? ముందువరుసలో వారి తల్లులున్నారా? పరదా వెనుక ప్లాస్టిక్ కుర్చీలు వేసి స్త్రీ విద్య మీద ప్రసంగాలు చేయడం ఇక చాలు.

ఇంకొక పాఠం కూడా అలీగఢ్ చరిత్రలో ఉంది, ఎవరూ చెప్పరు. 1895లో ఆ కళాశాల కార్యాలయంలోనే లక్ష రూపాయలకు పైగా సొమ్ము దుర్వినియోగమైనట్టు బయటపడింది. సర్ సయ్యద్ చివరి ఏళ్ళను అది కుంగదీసింది. నమ్మకం మంచిదే, తనిఖీ అంతకన్నా మంచిది. అంతటి మహనీయుడి సంస్థకే తనిఖీ కావలసివచ్చినప్పుడు, మన అంజుమన్లకూ, మస్జిద్ కమిటీలకూ, వక్ఫ్ ముతవల్లీలకూ అవసరం లేదా? వక్ఫ్ భూములను ప్రభుత్వం కాజేస్తున్నదని గొంతు చించుకుంటాం. మన కమిటీ గత సంవత్సరపు దుకాణాల అద్దె ఎంత, అందులో చదువుకు ఎంత అని జుమా నాడు లేచి అడిగినవాడిని మాత్రం ఫిత్నాకోరు అంటాం. రెండు నాలుకలతో హక్కుల పోరాటం సాగదు.

మా ప్రతిపాదన

సభలు మానివేయమని మేము అనడం లేదు. అక్టోబరు వారాన్ని డిసెంబరు వారంగా మార్చండి అంటున్నాం. అందుకు ఐదు పనులు చాలు.

మొదటిది: ఆ వారంలో వచ్చే శుక్రవారం, ఖుత్బా నమాజు ముగిశాక, ప్రతి మస్జిద్ కమిటీ తన సంవత్సరపు జమా ఖర్చును పైకి చదవాలి. అందులో విద్యకు ఖర్చు ఎంత అన్నది ప్రత్యేకంగా చెప్పాలి. సున్నా అయితే సున్నా అని చెప్పాలి. 

రెండవది: ప్రతి మస్జిద్ పరిధిలో ఒక పిల్లల పుస్తకం ఉండాలి. ఇంటింటికీ తిరిగి ఐదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ వరకు ఉన్న వారి పేరు, తరగతి, మానివేస్తే ఎప్పుడు, ఎందుకు అని రాయాలి. అమ్మాయిల వివరాలు అమ్మాయిలే వెళ్ళి రాయాలి. ఒక్క ఆదివారం పని ఇది. ఆ పుస్తకమే సభలో ప్రధాన ఉపన్యాసం కావాలి.

మూడవది: మావంటి విశ్రాంత ఉద్యోగులు వారానికి రెండు సాయంత్రాలు మస్జిద్ వరండాలో మేజా వేసుకొని కూర్చోవాలి. ఆదాయ ధ్రువపత్రం, కులధ్రువపత్రం, ఆధార్‌లో తండ్రి పేరు తప్పు, టి.సి.లో పుట్టిన తేదీ తేడా, బ్యాంకు ఖాతా సమస్య. మన పిల్లల సీట్లు ఎక్కువగా పోయేది మార్కులు లేక కాదు, ఈ కాగితాలు లేక. ఒక అమ్మాయికి ర్యాంకు వచ్చినా, పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, కులపత్రంలో మరో పేరు ఉండటంతో కౌన్సెలింగు గడువు దాటిపోవడం మేము చూశాం. ఫారం నింపడం తెలిసిన ఒక్క మనిషి రెండు నెలల ముందు ఆ కాగితాలు చూసి ఉంటే ఆ సీటు దక్కేది. ముప్పై ఏళ్ళు సర్కారు ఫైళ్ళు కదిపిన చేతులు ఖౌమ్ ఫైలును కదపలేవా?

నాలుగవది: విందు ఖర్చు సగానికి తగ్గించి, మిగిలిన సగంతో అంజుమనుల్ ఫర్జ్ పద్ధతిలో ఫీజు నిధి పెట్టాలి. ఇచ్చినవారి పేరు, తీసుకున్న మొత్తం గోడమీద రాయాలి. సాయం అందుకున్న పిల్లవాడి పేరు మాత్రం రాయరాదు. పేదవాడి ఆత్మగౌరవం మన ఫోటో కన్నా విలువైనది. చెక్కును పెద్ద అట్టమీద రాసి పిల్లవాడి చేతిలో పెట్టి ఫోటో తీయించుకునే ఆచారానికి స్వస్తి చెప్పాలి.

ఐదవది: మన ఊళ్ళలోని పాత ముస్లిం పాఠశాలలు, కళాశాలలు, వసతి గృహాల స్థాపన పత్రాలను వెతికి భద్రపరచాలి. దానపత్రాలు, తొలి కమిటీ తీర్మానాలు, చందా రసీదులు, శంకుస్థాపన ఫలకాలు. 2004 చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ ముందు మైనారిటీ హోదా కోరాలన్నా, రేపు ఏ న్యాయస్థానంలో నిలబడాలన్నా ఇవే కావాలి. ఇప్పుడవి ఏదో ఒక మాజీ కార్యదర్శి ఇంటి అటకమీద చెదలు తింటున్నాయి. అలీగఢ్‌కు అడిగిన ప్రశ్నలే రేపు మన ఊరి ఉర్దూ పాఠశాలకూ అడుగుతారు. మన దగ్గర జవాబు కాగితం మీద ఉండాలి.

ఇవన్నీ ప్రభుత్వ బాధ్యతను మన మీద వేసుకోవడం కాదా అని మిత్రులు కొందరు అంటారు. కాదు. ప్రభుత్వం ఇవ్వవలసింది ఇవ్వవలసిందే. స్కాలర్‌షిప్పు పునరుద్ధరించమని అడుగుతూనే ఉంటాం, రిజర్వేషను కాపాడుకుంటూనే ఉంటాం, 30వ అధికరణను వదులుకునే ప్రసక్తే లేదు. కానీ హక్కు అన్నది వాడుకునేవాడికే నిలుస్తుంది. విద్యాసంస్థలు స్థాపించే, నిర్వహించే హక్కు అని రాజ్యాంగం అంటున్నది. స్థాపించనివారికీ, స్థాపించినదాన్ని నిర్వహించలేనివారికీ ఆ హక్కు పుస్తకంలో అక్షరాలుగానే ఉండిపోతుంది.

మనిషి చనిపోయాక కర్మలన్నీ ఆగిపోతాయి, మూడు మాత్రం ఆగవని దైవప్రవక్త (సఅసం) బోధించారు. నిరంతర దానం, ప్రయోజనం కలిగించే జ్ఞానం, దుఆ చేసే సత్సంతానం. సర్ సయ్యద్ మొదటి రెండింటినీ తన చేతులతో సమకూర్చుకొని వెళ్ళారు. మూడవది మనం. మన దుఆ ఆయనకు చేరాలంటే అది మైకులో కాక, ఫీజు కట్టిన రసీదు మీద ఉండాలి.

వచ్చే అక్టోబరుకు ఆహ్వాన పత్రికలు అచ్చు వేయించే ముందు ప్రతి సంఘం కార్యదర్శి ఒక కాగితం తీసుకొని మూడు అంకెలు రాయాలని కోరుతున్నాం. మా మొహల్లాలో బడి మానిన పిల్లలు ఎందరు? పోయిన సంవత్సరం మేము తిరిగి చేర్పించింది ఎందరిని? ఈ సంవత్సరం విందుకు అనుకుంటున్న మొత్తం ఎంత? ఈ మూడు అంకెలనూ ఆహ్వాన పత్రిక మీదే అచ్చు వేయండి. ఆ తరువాత మమ్మల్ని పిలవండి. శాలువా అక్కరలేదు, వెనుక వరుసలో కూర్చొని మీ లెక్క వింటాం, ఇన్షా అల్లాహ్.